మంచు మొదలయ్యాక కుక్కతో జియోక్యాషింగ్: మిన్నెసోటా చలికాలానికి సమగ్ర మార్గదర్శి

మిన్నెసోటాలో ఆకులు రాలడం పూర్తయిన దగ్గర్నుంచి చెరువులు గట్టిగా గడ్డకట్టే దాకా మధ్యలో కొన్ని వారాలుంటాయి. కుక్కతో కలిసి జియోక్యాషింగ్ (ఎవరో దాచిన డబ్బాల్ని, అంటే క్యాష్‌లని, జీపీఎస్ సాయంతో వెతికే ఆట) చేయడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి కాలం లేదని నా అభిప్రాయం. దోమలుండవు. కొమ్మల మీద ఆకులు లేక జీపీఎస్ సిగ్నల్ బాగా అందుతుంది. వేసవిలో పొదల్లో కలిసిపోయే డబ్బాలు ఇప్పుడు దూరం నుంచే కంటపడతాయి. పార్కుల్లో జనం పలచబడతారు కాబట్టి, కొత్త కుక్కల్ని చూస్తే బెదిరే కుక్కకి కూడా హాయిగా ఉంటుంది.

ఇబ్బందేమిటంటే, అదే వారాల్లో జింకల వేట నడుస్తుంటుంది. చెరువుల మీద పలచని ఐస్ పడుతుంది. రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలవుతుంది. డిసెంబరు వచ్చేసరికి మినియాపొలిస్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. వీటి వల్ల ఆట మానుకోనక్కర్లేదు గానీ, వేసవిలో లాగా ఫోన్ తీసి దగ్గర్లో ఏముందో చూసి బయల్దేరిపోతే కుదరదు. వేసవిలో క్యాష్‌ని బట్టి దారి ఎంచుకుంటాం. చలికాలంలో కుక్కని బట్టి ఎంచుకోవాలి. ఎంత దూరం, ఎంతసేపు, ఏ డబ్బా, ఎక్కడ వెనక్కి తిరగాలి, అన్నీ దాని ఒళ్లూ దాని అరికాళ్లూ చెప్పినట్టే. ఈ వ్యాసమంతా ఆ లెక్కతోనే రాశాను.

ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో చలి రాగానే కుక్కని పెరట్లోకి వదిలి, రెండు నిమిషాల్లో లోపలికి పిలిచేసుకోవడం మామూలు. నాలుగైదు నెలలు అలా గడిస్తే కుక్క బరువెక్కుతుంది, విసుగెత్తి సోఫాలు కొరుకుతుంది. వారానికి ఒక చిన్న క్యాష్ వేట పెట్టుకుంటే దానికీ మనకీ కూడా ఆ బందిఖానా తప్పుతుంది.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం

పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌లో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. 2000 మే మొదట్లో దాన్ని ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా పక్కకి చూపించే పరికరాలు ఒక్కసారిగా ఇరవై మీటర్ల లోపు గురి చూపించసాగాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు పెట్టి దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. మూడు రోజుల్లోపే ఇద్దరు వెతికి పట్టుకున్నారు. ఆట అలా పుట్టింది. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా 30 లక్షలకు పైగా క్యాష్‌లున్నాయి.

ఆడే పద్ధతి తేలిక. ఫోన్‌లో జియోక్యాషింగ్ యాప్ వేసుకోండి. ఆండ్రాయిడ్ వాళ్లకి ఉచితంగా దొరికే సీ-జియో కూడా ఉంది. మ్యాప్‌లో ఒక క్యాష్ ఎంచుకుని, అక్కడికి వెళ్లి, డబ్బా వెతికి, లోపలున్న లాగ్‌బుక్‌లో మీ పేరూ తేదీ రాసి, ఉన్నచోటే పెట్టేసి రావాలి. తర్వాత యాప్‌లో లాగ్ రాయాలి. దొరికితే ఫౌండ్, దొరక్కపోతే డీఎన్ఎఫ్ (డిడ్ నాట్ ఫైండ్). ఆట తెలియని దారినపోయేవాళ్లని ఆటగాళ్లు మగుల్స్ అంటారు. వాళ్ల కంట పడకుండా తీసి పెట్టడం మర్యాద.

ప్రతి క్యాష్‌కీ రెండు రేటింగులుంటాయి, రెండూ 1 నుంచి 5 దాకా. డిఫికల్టీ అంటే వెతకడం ఎంత కష్టమో, టెరైన్ అంటే అక్కడికి చేరడం ఎంత కష్టమో. కుక్కతో వెళ్లేవాళ్లకి రెండోది ముఖ్యం. టెరైన్ వేసిన మనిషి చాలాసార్లు వేసవిని మనసులో పెట్టుకుని వేసి ఉంటాడు. మోకాలి లోతు మంచులో 2 అంటే 3 కింద లెక్క వేసుకోండి.

మొదట కుక్క సంగతి తేల్చుకోండి

హస్కీ, మాలమ్యూట్, బెర్నీస్ లాంటి రెండు పొరల బొచ్చున్న కుక్కలకి చలి పండగే. వాటి విషయంలో మీరే ముందు అలసిపోతారు. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ మధ్యరకం. షిట్జూ, చివావా, గ్రేహౌండ్, డాక్స్‌హుండ్ లాంటివి త్వరగా చల్లబడతాయి. ఇండియా నుంచి వెంట తెచ్చుకున్న మన ఊరకుక్కలకి కూడా బొచ్చు పొట్టి, కింది పొర పలచన. అవి ఎంత చలాకీగా ఉన్నా కోటు లేకుండా తీసుకెళ్లకండి. కుక్కపిల్లలు, ముసలి కుక్కలు, కీళ్ల నొప్పులు లేదా గుండె జబ్బు ఉన్నవి ఏ జాతివైనా సరే, ముందు వెటర్నరీ డాక్టర్‌ని అడగాలి.

పశువైద్యులు మామూలుగా చెప్పే లెక్క ఇది. 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 7 సెల్సియస్ దిగువకి రాగానే చలికి ఆగలేని కుక్కలకి ఇబ్బంది మొదలవుతుంది. 32 దిగువన, అంటే సున్నా సెల్సియస్ కిందకి పోతే, చిన్నవాటినీ పొట్టి బొచ్చువాటినీ కళ్లతో కనిపెడుతూ ఉండాలి. 20 ఫారెన్‌హీట్, సుమారు మైనస్ 7 సెల్సియస్ దాటి దిగితే ఎక్కువ కుక్కలకి ఒంటి వేడి పడిపోయే ప్రమాదం, చెవులూ తోకా పాదాలూ గడ్డకట్టే ప్రమాదం ఉన్నట్టే.

గాలిని మర్చిపోకండి. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర గంటకి 15 మైళ్ల గాలి వీస్తే, నేషనల్ వెదర్ సర్వీస్ పట్టిక ప్రకారం మన చర్మానికి అది మైనస్ 19లా తగులుతుంది, 30 నిమిషాల్లో ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) రావచ్చు. ఆ లెక్క మనుషుల ముఖానికి వేసింది. బొచ్చు తక్కువున్న చెవి కొసలకీ, బొచ్చులేని పొట్టకీ కూడా గాలి అలాగే తగులుతుంది. నేనైతే ఫోర్‌కాస్ట్‌లో ఉష్ణోగ్రతకంటే ముందు గాలి చూస్తాను. గాలి ఎక్కువున్న రోజు చెరువు గట్టు మీది క్యాష్‌లు వదిలేసి అడవి లోపలివి ఎంచుకుంటే తేడా బాగా తెలుస్తుంది.

చలికి అలవాటు కూడా పడాలి. నవంబరు నుంచీ రోజూ పది పదిహేను నిమిషాలు తిప్పుతున్న కుక్క జనవరిలో తట్టుకునే చలిని, నెలంతా హీటర్ పక్కన పడుకున్న కుక్క తట్టుకోలేదు.

క్యాష్‌లు ఇంట్లో కూర్చునే ఎంచుకోవాలి

చలికాలపు ఆటలో సగం పని ఇక్కడే. అక్కడికి వెళ్లాక మంచులో గంటసేపు తవ్వుతుంటే మీరు పని చేస్తున్నారు కాబట్టి మీకు వెచ్చగానే ఉంటుంది. పక్కన కదలకుండా నిలబడిన కుక్క మాత్రం చల్లబడిపోతుంది. అందుకే త్వరగా దొరికేవాటినే పట్టుకోవాలి.

ముందు క్యాష్ పేజీలో ఉండే చిన్న చిన్న బొమ్మలు చూడండి. వాటిని యాట్రిబ్యూట్లు అంటారు. కుక్కలకి అనుమతి ఉందా, చలికాలంలో దొరుకుతుందా, వేట జరిగే చోటా, స్నోషూలు కావాలా, పార్కింగ్ దగ్గర్లో ఉందా అన్నవి అందులో తెలుస్తాయి. కుక్క బొమ్మ మీద అడ్డగీత ఉంటే ఆ క్యాష్ ఊసే వద్దు.

తర్వాత పాత లాగులు చదవండి. నా దృష్టిలో యాట్రిబ్యూట్‌కంటే ఇవే నమ్మకమైనవి. కిందటేడు జనవరి, ఫిబ్రవరిల్లో ఎవరైనా దాన్ని కనిపెట్టి ఉంటే, మంచులోనూ దొరుకుతుందని రుజువైనట్టే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే ఫౌండ్‌లుండి, చలికాలమంతా వరుసగా డీఎన్ఎఫ్‌లుంటే అది నేల మీద, దుంగ కిందో రాళ్ల సందులోనో ఉందని అర్థం. దాన్ని వసంతానికి వదిలేయండి.

హింట్ ముందే చదివేయండి. హింట్ చూడకుండా వెతకడంలో గొప్ప ఉందనుకునేవాళ్లున్నారు. వేసవిలో సరే. చలిలో కుక్క ఎదురు చూస్తుండగా ఆ పట్టుదల అనవసరం. హింట్‌లో కొమ్మ, అయస్కాంతం, గార్డ్‌రైల్, దీపస్తంభం, కంటి ఎత్తు లాంటి మాటలుంటే మంచు పడినా ఆ డబ్బా పైనే ఉంటుంది. దేవదారు జాతి చెట్లకి వేలాడదీసిన చిన్న గొట్టాలు, కంచె స్తంభాల్లో దూర్చినవి, చెట్టు తొర్రలో నిలబెట్టిన పాత అమ్మో డబ్బాలు (సైన్యం తూటాలు పెట్టుకునే ఇనుప పెట్టెలు), ఇవన్నీ చలికాలానికి బాగుంటాయి. వేలి కొసంత ఉండే నానోలు మాత్రం చేతులు కొంకర్లు పోయే రోజున వద్దు. లోపలి కాగితం చుట్ట విప్పాలంటే గ్లవ్స్ తీయక తప్పదు.

డబ్బానే లేని రకాలు కూడా ఉన్నాయి, వాటిని చాలామంది పట్టించుకోరు. ఎర్త్‌క్యాష్ అంటే ఒక భౌగోళిక విశేషం దగ్గరికి వెళ్లి, అక్కడి రాయినో నీటినో చూసి, అడిగిన ప్రశ్నలకి జవాబులు ఆ క్యాష్ పెట్టిన యజమానికి పంపడం. వర్చువల్ క్యాష్ కూడా అలాంటిదే. తవ్వేది లేదు, తెరిచేది లేదు. కుక్క నడుస్తూనే ఉంటుంది. నేషనల్ పార్కుల్లో, వైల్డ్‌లైఫ్ రెఫ్యూజీల్లో మామూలుగా డబ్బాలు పెట్టనివ్వరు కాబట్టి అలాంటి చోట్ల ఇవే దిక్కు.

ఇక దారి. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ కనీసం 528 అడుగులు, అంటే 161 మీటర్ల దూరం ఉండాలని ఆట నియమం. ఆ లెక్కన మైలున్నర చుట్టు దారిలో కూడా నాలుగైదు పట్టుకోవచ్చు. కారుకి దూరంగా పోతూ ఉండే దారికంటే, మధ్యలో ఒకసారైనా కారు పక్కనుంచి వెళ్లే దారి వేసుకోండి. కుక్క వణికితే ఆట అక్కడితో ఆపేయొచ్చు. వాటి వివరాలూ మ్యాపూ ఫోన్‌లోకి ముందే దింపుకోండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, సిగ్నల్ కోసం వెతుకుతుంటే ఇంకా త్వరగా పడిపోతుంది.

మిన్నెసోటా స్టేట్ పార్కుల్లో కుక్క లీష్ ఆరు అడుగులు దాటకూడదు. స్కీయింగ్ కోసం చదును చేసిన దారుల్లోకి కుక్కల్ని తేవద్దు. అది స్కీ దారి అని చలికాలం మ్యాప్‌లోనే కనిపిస్తుంది. వేసవిలో మీరు నడిచిన దారే డిసెంబరులో స్కీ దారి అయిపోయి ఉండొచ్చు, అందుకని ఆ పార్కు చలికాలం మ్యాప్ విడిగా చూసుకోవాలి.

వేట, బోనులు, ఐస్

ఈ మూడింటిలో నేను రాజీ పడను.

తుపాకులతో జింకల వేట నవంబరు మొదట్లో మొదలవుతుంది. మజిల్‌లోడర్ (గొట్టం ముందు నుంచి మందు దట్టించే తుపాకి) సీజన్ థ్యాంక్స్‌గివింగ్ తర్వాత డిసెంబరులోకి సాగుతుంది. బాణాల వేట డిసెంబరు 31 దాకా ఉంటుంది. కొన్ని స్టేట్ పార్కులు కూడా కొన్ని రోజులు ప్రత్యేక వేటకి ఇచ్చి, మామూలు జనాన్ని రానివ్వవు. ఆ తేదీలు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సైట్‌లో ఉంటాయి, వెళ్లే ముందు రోజు చూడాలి. ఈ నెలల్లో మీకూ కుక్కకీ మెరిసే నారింజ రంగు చొక్కా తప్పనిసరి. గోధుమరంగు ల్యాబ్ చెట్ల మధ్య కదిలితే దూరం నుంచి జింకలానే ఉంటుంది. తుపాకి వేట మొదటి వారాంతంలో మాత్రం నేను అడవి వైపే వెళ్లను. ఊళ్లోని పార్కుల్లో, వేట అనుమతి లేని చోట్ల క్యాష్‌లకి కొదవ లేదు.

బోనుల గురించి మనవాళ్లకి పెద్దగా తెలియదు. ప్రభుత్వ అడవుల్లో చట్టప్రకారమే చలికాలంలో బొచ్చు జంతువుల కోసం బోనులూ ఉరులూ పెడతారు. కొన్నింటిలో మాంసం ఎర ఉంటుంది. తల దూర్చిన జంతువు మెడని నొక్కేసే రకం ఉంది, అందులో కుక్క చిక్కితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. దీనికి మంచి రక్షణ లీష్ ఒక్కటే. మన కుక్క పిలిస్తే వస్తుంది కదా అని వదలొద్దు, ఎర వాసన మన పిలుపుకంటే బలమైనది.

ఐస్ సంగతి. కొత్తగా కట్టిన, గాజులా తేటగా ఉన్న ఐస్ కనీసం నాలుగు అంగుళాలుంటేనే దాని మీద నడవాలని డీఎన్ఆర్ చెబుతుంది. తెల్లగా కనిపించే మంచు కలిసిన ఐస్ బలం అందులో సగమే, కాబట్టి రెట్టింపు మందం కావాలి. మొదటి మంచు పడ్డాక ఐస్ ఎక్కడ మొదలైందో కనపడదు. ప్రవాహం ఉన్న చోటా, కాలువ కలిసే చోటా, పడవలు కట్టే డాక్‌ల చుట్టూ పలచగానే ఉంటుంది. చెరువు మధ్య దీవుల మీద క్యాష్‌లుంటాయి, అవి చలికాలంలో నడిచి చేరుకోవచ్చని చాలామందికి ఉబలాటం. మందం కొలిచి చూసుకోనంత వరకూ కుక్కని అటు తీసుకెళ్లకండి. ఒకవేళ కుక్క ఐస్‌లో పడితే దాని వెనకాల మీరు దిగకండి. ఒడ్డు నుంచే పేరు పెట్టి పిలుస్తూ ఉండండి, 911కి ఫోన్ చేయండి. కుక్క కోసం దిగి మనుషులు పోయిన సందర్భాలున్నాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ముందు కుక్కవి. పొట్ట కూడా కప్పే కోటు. బూటీలు. వెలుతురు పడితే మెరిసే పట్టీ, దాని మీద మీ ఫోన్ నంబరున్న బిళ్ల, చీకటి కోసం కాలర్‌కి చిన్న లైటు. ఆరడుగుల లీష్, దానికి తోడు ఒక స్పేర్. మైక్రోచిప్ వేయించి ఉంటే అందులో మీ ఇప్పటి నంబరే ఉందో లేదో చూసుకోండి, ఇల్లు మారినప్పుడు ఇది అందరూ మర్చిపోతారు. నీళ్లు గోరువెచ్చగా ఫ్లాస్క్‌లో. మంచు తింటుంది కదా అని వదిలేయొద్దు, దాంతో దాహం తీరదు, పైగా ఒళ్లు చల్లబడుతుంది. ఒంటి వేడి నిలుపుకోవడానికి చలిలో ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, అందుకని చిన్న ముక్కలుగా తిండి పెట్టుకోండి. మలం ఎత్తే సంచులు చలికాలంలోనూ కావాలి. మంచు కింద దాక్కున్నదంతా ఏప్రిల్‌లో బయటపడుతుంది.

బూటీల గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. కొన్న రోజే వేసి మంచులోకి తీసుకెళ్తే కుక్క కాళ్లు ఎత్తెత్తి వేస్తుంది, ఒకటి ఎక్కడో ఊడిపోతుంది. అక్టోబరులోనే ఇంట్లో మొదలుపెట్టండి. ముందు ఒక కాలికి ఒక నిమిషం, తినడానికి ఏదైనా ఇవ్వండి. తర్వాత రెండు కాళ్లు, తర్వాత నాలుగూ. హాల్లో మామూలుగా నడిచేదాకా బయటికి వద్దు. పట్టీ మరీ బిగిస్తే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది, ఒక వేలు దూరేంత వదులుండాలి. బూటీలు ససేమిరా అనే కుక్కలకి పాదాల మైనం రాయండి. వేళ్ల మధ్య బొచ్చు అరికాలి మట్టానికి కత్తిరిస్తే మంచు ఉండలు కట్టడం తగ్గుతుంది. గోల్డెన్‌డూడుల్ లాంటి ఉంగరాల బొచ్చు కుక్కలకైతే కాళ్ల నిండా, పొట్ట నిండా ఉండలు వేలాడతాయి. వాటికి కాళ్లున్న కోటు కొనడమే మంచిది.

మీకోసం: లోపల ఊలు లేదా సింథటిక్ పొర, ఆ పైన వెచ్చటిది, అన్నిటికీ పైన గాలి ఆపేది. కాటన్ వద్దు, చెమటకి తడిసి ఆరదు. బూట్లకి ఐస్ మీద జారకుండా వేసుకునే ముళ్ల పట్టీలు. టచ్‌స్క్రీన్ మీద పనిచేసే పలచని గ్లవ్స్, వాటి మీద మందపువి. పెన్ను కాకుండా పెన్సిల్, ఎందుకంటే ఇంకు గడ్డకడుతుంది. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. చేతి జీపీఎస్ వాడేవాళ్లు లిథియం డబుల్-ఏ బ్యాటరీలు వేసుకోండి, మామూలు ఆల్కలైన్‌వి చలికి చేతులెత్తేస్తాయి. హెడ్‌ల్యాంప్ పగలు కూడా సంచిలోనే ఉండాలి. చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లలో ఇనుప పొడి ఉంటుంది. కుక్క కొరికి మింగితే విషం, వాడేసినవి నేల మీద పారేయకండి.

దారిలో, డబ్బా దగ్గర

నడుముకి కట్టుకునే లీష్ వేసవిలో బాగుంటుంది. ఐస్ మీద అది వద్దు. ఉడత కనబడి కుక్క లాగిందంటే మీరు వెల్లకిలా పడతారు. చేత్తోనే పట్టుకోండి.

పది మీటర్ల దూరానికి రాగానే ఫోన్ జేబులో పెట్టేయండి. చుట్టూ తెరిపిగా ఉన్నా ఫోన్ గురి మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతోనే ఉంటుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. అక్కడినుంచి కళ్లే పని చేయాలి. ఇక్కడ దాచాలంటే నేను ఎక్కడ దాస్తాను అని ఆలోచించండి. వంగి ఉన్న మాను, అసహజంగా పేర్చిన కట్టెలు, చెట్టు మొదట్లో మంచు మరో రకంగా కుంగిన చోటు.

వెతికేటప్పుడు కుక్కని చెట్టుకి కట్టేసి పక్కకి పోకండి. ఇద్దరు వెళ్తే ఒకరు కుక్కతో అటూ ఇటూ నడుస్తూ ఉండాలి, ఒకరు వెతకాలి. ఒక్కరే వెళ్తే పది నిమిషాలు గడువు పెట్టుకోండి, టైమర్ వేసుకోండి. మోగితే డీఎన్ఎఫ్. ఆ లాగ్ కూడా ఆటకి సేవే. యజమానికి డబ్బా పోయిందేమో చూడాలని తెలుస్తుంది, తర్వాత వచ్చేవాళ్లకి మంచు ఎంతుందో తెలుస్తుంది.

మంచు మీద మీ అడుగులు నేరుగా డబ్బా దగ్గరికి దారి చూపిస్తాయి. వెళ్లేటప్పుడు దాన్ని దాటి కాస్త ముందుకి నడిచి, వేరే చెట్ల చుట్టూ కూడా తిరిగి రండి. కుక్క తోడుంటే ఇది సులువు, దాని అడుగులెలాగూ నాలుగు దిక్కులా ఉంటాయి.

మూత గడ్డకట్టి ఉంటే బలవంతం చేయకండి. పక్కల కొక్కేలున్న ప్లాస్టిక్ డబ్బాలు చలికి పెళుసెక్కుతాయి, ఒక కొక్కెం విరిగిందంటే వసంతంలో లోపలికి నీళ్లే. గ్లవ్స్ తొడిగిన చేతుల మధ్య రెండు నిమిషాలు పట్టుకుంటే చాలాసార్లు వదులవుతుంది. లాగ్‌బుక్ తడిసి ముద్దయి ఉంటే మీ దగ్గరున్న పొడి కాగితం ఒక జిప్ సంచిలో పెట్టి జతచేయండి, పాతది తీసేయకండి. తిండి వస్తువులు డబ్బాలో పెట్టడం నిషిద్ధం, కుక్క బిస్కెట్లు కూడా. రకూన్లు వాసన పట్టి డబ్బాని నమిలేస్తాయి. ఎవరైనా చూయింగ్ గమ్ పెట్టి ఉంటే కుక్క నోటికి అందనివ్వకండి. చక్కెర లేని గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్కలకి ప్రాణాంతకం.

మగ కుక్కలున్నవాళ్లకి ఒక మాట: స్తంభం మొదట్లో డబ్బా ఉంటే అక్కడ కాలెత్తనివ్వకండి. మీ తర్వాత వచ్చేవాళ్లు అందులో చేయి పెట్టాలి.

కుక్కకే వెతకడం నేర్పితే

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. చలికాలం సాయంత్రాలు దీనికి సరిగ్గా సరిపోతాయి. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, లోపల కాగితం, పెన్సిల్, నాణేలు పెట్టి, ఇంట్లో అందరి చేతులకీ ఇచ్చి తిప్పండి. అసలు క్యాష్‌కీ ఇలాంటి వాసనే ఉంటుంది, పదిమంది చేతుల వాసన. మొదట కుక్క ముందే నేల మీద పెట్టండి. ముక్కు ఆనించగానే మీ చేతిలోంచి తినడానికి ఇవ్వండి. డబ్బాలోంచి ఇవ్వొద్దు. లేకపోతే దాన్ని పళ్లతో చింపడం నేర్చుకుంటుంది.

తర్వాత ముక్కు ఆనించి కూర్చుంటేనే బహుమతి. గీరితే, కొరికితే ఏమీ లేదు, కోప్పడాల్సిన పనీ లేదు. అది కుదిరాక సోఫా వెనక, గది మూల, కుర్చీ ఎత్తున దాచండి. 'వెతుకు' అన్న ఒకే మాట ఇంట్లో అందరూ వాడాలి. ఒక్కొక్కరు ఒక్కో మాట అంటే పాపం దానికి అయోమయం. పెరట్లో మంచు కింద రెండు అంగుళాల లోతున దాచి అది పట్టుకున్న రోజున అసలు క్యాష్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు. చలికి వాసనలు తక్కువగా లేస్తాయి కాబట్టి గడ్డకట్టిన రోజున దొరకలేదని నిరాశ పడొద్దు. ఆ రోజు మీరే వెతికి చూపించి, అది ముక్కు ఆనించాక బహుమతి ఇవ్వండి. వెతికితే మంచే జరుగుతుందన్న నమ్మకం దానికి పోకూడదు.

వెనక్కి తిరగాల్సిన గుర్తులు

ఒక పాదం మార్చి ఒక పాదం ఎత్తడం, మాటిమాటికీ కారు వైపు చూడటం, తోక కాళ్ల మధ్య పెట్టడం, వణకడం. వీటిలో ఏది కనబడినా అప్పుడే తిరగాలి, ముందున్న డబ్బా ఎంత దగ్గరున్నా సరే. బాగా వణికిన కుక్క వెచ్చబడకుండానే వణుకు ఆపేసి, మందకొడిగా నడుస్తూ తడబడుతుంటే అది ఇంకా ప్రమాదం, హైపోథర్మియా (ఒంటి వేడి పడిపోవడం) ముదురుతోందని అర్థం. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. వెంటనే పొడి దుప్పటి చుట్టి, వెచ్చని కారులోకి ఎక్కించి, అత్యవసర వెటర్నరీ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రాత్రిపూట తెరిచుండే ఆస్పత్రి నంబరు ఫోన్‌లో ముందే ఉండాలి.

చెవి కొస, తోక, పాదం పాలిపోయి గట్టిగా, మరీ చల్లగా ఉంటే ఫ్రాస్ట్‌బైట్ కావచ్చు. రుద్దకండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. గుడ్డతో కప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మీరు వేరే క్యాష్ చూసి వస్తానని కుక్కని ఆపేసిన కారులో వదలకండి. కాసేపటికే లోపల బయటంత చలి అవుతుంది.

ఇంటికి వచ్చాక

గడప దాటగానే గోరువెచ్చని నీళ్లలో నాలుగు పాదాలూ కడిగి, వేళ్ల మధ్య తుడవండి. రోడ్డు ఉప్పు చర్మాన్ని మండిస్తుంది, పగుళ్లుంటే ఇంకా. కడక్కపోతే నాకి మింగుతుంది, వాంతులవుతాయి. గ్యారేజీలో, పార్కింగ్‌లో కారిన యాంటీఫ్రీజ్ మరీ భయంకరం. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొంచెం నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. తాగిన కొన్ని గంటల్లోపు మందు పడాలి. కుక్క తూలుతూ నడిచి తర్వాత తేరుకున్నట్టు కనిపించినా నమ్మకండి.

చలి వచ్చింది కదా అని పిడుదుల్ని వదిలేయకండి. లైమ్ వ్యాధి తెచ్చే జింక పిడుదుల్లో ఎదిగినవి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి పైనున్న ఏ రోజైనా తిరుగుతాయి. నవంబరులో వాటి జోరు ఎక్కువే. చెవుల వెనక, చంకల్లో, కాలర్ కింద వేళ్లతో తడిమి చూడండి. ఆకులు రాలిన పాయిజన్ ఐవీ కాడల్లో కూడా దురద పుట్టించే నూనె ఉంటుంది, అది కుక్క బొచ్చుకి అంటి మీకు వస్తుంది. పొదల్లోకి దూరి ఉంటే ఒకసారి షాంపూతో స్నానం చేయించండి.

ఆఖరున లాగ్. 'దొరికింది, థ్యాంక్స్' అని రెండు మాటల్లో ముగించేయకండి. తేదీ యాప్‌లో ఉంటుంది, మిగతాది మీరే రాయాలి. మంచు ఎంత లోతుంది, డబ్బా మంచు పైనుందా కిందా, పార్కింగ్‌లో మంచు తీశారా లేదా, దారిలో ఉప్పు చల్లారా, బోనులు కనిపించాయా, ఎలాంటి కుక్కతో వెళ్లారు, దానికి ఎక్కడ ఇబ్బంది అయింది. డబ్బా చోటు మాత్రం బయటపెట్టకండి. మూత పగిలి ఉన్నా, కాగితం నిండిపోయినా యజమానికి తెలిసేలా విడిగా రాయండి. చలికాలంలో మళ్లీ ఎవరైనా తమ కుక్కతో ఆ క్యాష్‌కి వెళ్లాలా వద్దా అని ఆలోచించేటప్పుడు చదివేది మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలే.